ప్రయాణపు పుస్తకము



మా మైదుకూరు నాలుగు దారులు కలియు ఊరు. ఒక దారి కర్నూలునకు, ఒకటి కడపకు, ఒకటి ప్రొద్దుటూరునకు, ఒకటి బద్వేలునకు పోవును. ఆ కూడలిలో అర్ధగంట నిలిచితిమేని పసుపు బస్తాలు, ఉల్లిగడ్డల లారీలు, బ్రహ్మంగారి మఠమునకు పోవు యాత్రికులు, ఏ దూరదేశమునుండియో వచ్చు క్రొత్త యంత్రములు, అన్నియు మన కన్నులయెదుటనే సాగిపోవును. ఇంత రాకపోక గల చోట పుట్టి పెరిగిన మనము ప్రయాణములు చేయక పోలేదు. వింతలు చూడక పోలేదు. అయినను మనుమడు వచ్చి "తాతా, మన ఊరికి మొదటి ఆయిలు ఇంజను ఏ సంవత్సరమున వచ్చినది?" అని అడిగెనా, "పెద్ద గాలివాన వచ్చిన యేడు" అని యొకరందురు, "మీ మేనత్త పెండ్లికి ముందటి యేడు" అని మరియొకరందురు. గాలివాన ఏ యేడు వచ్చినదో ఎవరికిని తెలియదు. పెండ్లి ఏ యేడు జరిగినదో మేనత్తకే తెలియదు.

ఈ సాయంకాలము నేను చెప్పదలచిన మాట ఒక్కటే. ప్రయాణములో కన్నదానిని, క్రొత్త యంత్రమును గూర్చి తెలిసికొన్నదానిని, ఏనాటిది ఆనాడే యొక పుస్తకమున వ్రాసిపెట్టుకొనవలెను. ఇది పండితుల వినోదము కాదు. విత్తనము దాచుకొనుటవంటి సేద్యగాని పని. ఈ సంగతి తెలియనందున నాకు కలిగిన నష్టమును పిమ్మట విన్నవించెదను. ముందుగా, ఈ పనిని చక్కగా చేసిన యొక పెద్దమనిషిని జ్ఞప్తికి తెచ్చుకొందము.

ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమున సుప్రీము కోర్టులో దుబాసీగా నుండిరి. ఆయన 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీన కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరిరి. అప్పటికి మన దేశమున రైలు లేదు, మోటారు లేదు. పల్లకీ మోయు బోయీలు, డేరాలు, వెంట నడచు పరివారము, ఇవియే ఆయన సాధనములు. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము మీదుగా కాశికి పోయి, వచ్చునప్పుడు జగన్నాథము మీదుగా ఉత్తర సర్కారుల దారిని వచ్చిరి. కడపనుండి అహోబిలమునకు పోవు దారి మన ప్రాంతపు దారియే గదా! మనము నేడు బస్సులో కునికిపాట్లు పడుచు దాటిపోవు నేలను ఆయన కన్నులు తెరచుకొని దాటిరి.

ఆయన చేసిన మేలైన పని యేమనగా, పోయిన చోటనెల్ల తాను చూచినదానిని వ్రాసి, చెన్నపట్టణములోని తన స్నేహితులు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ళెగారికి జాబులుగా పంపుచు వచ్చిరి. వాటిలో క్షేత్రమాహాత్మ్యములు మాత్రమే యున్నవని తలపవలదు. ఏ మజిలీకి ఏ మజిలీ ఎంత దూరము, బాట రాతిదా రేగడిదా, దిగుటకు వసతి యున్నదా లేదా, అంగడిలో ఏ వస్తువులు దొరకును, ఏరు దాటుట ఎట్లు, ఈ మాటలే ఎక్కువ. అదియును గ్రాంథికము కాదు. ఆనాటి జనులు మాటలాడుకొను తెలుగే. ఆయన 1836లో స్వర్గస్థులైరి. జాబులను భద్రముగా దాచియుంచిన మిత్రుడు 1838లో వాటిని "కాశీయాత్ర చరిత్ర" యను పేర అచ్చు వేయించెను. నూరేండ్లు దాటిన పిమ్మట, 1941లో, దిగవల్లి వేంకట శివరావుగారు దానిని పరిష్కరించి మరల ప్రకటించిరి. ఆనాడు రాజ్యమేలిన వారి ఆర్భాటములు చాలవరకు మరుగునబడినవి. ఒక యాత్రికుడు వ్రాసికొన్న బాటల వైనము, బజారుల వైనము నేటికిని మనకు పనికివచ్చుచున్నది. వ్రాసినవాని పుణ్యమెంతయో, దాచినవాని పుణ్యమును అంతయే యని గ్రహింపవలెను.

వ్రాసిపెట్టుకొనుట మన సీమకు క్రొత్త కాదు. కరణముల యిండ్లలో దండకవిలెలుండెడివి. గ్రామపు పుట్టుపూర్వోత్తరములు, చెరువులు, గుళ్ళు, మాన్యములు వాటిలో నెక్కి యుండెడివి. దత్తమండలములు 1800లో కుంఫిణీవారి వశమైన తరువాత కర్నలు మెకంజీ సర్వేకు వచ్చి, ఊరూరి వృత్తాంతములను సేకరింపించెను. ఆయనకు కుడిభుజమైన వారు మన తెలుగువారే, కావలి బొర్రయ్య, కావలి లక్ష్మయ్య సోదరులు. ఆ సేకరణమే కైఫియత్తులు. మన కడప జిల్లా గ్రామముల కైఫియత్తులను కడపలోని సి.పి. బ్రౌను భాషాపరిశోధన కేంద్రమువారు సంపుటములుగా అచ్చు వేసిరి. కావున రెండువందల యేండ్ల క్రిందటి సంగతి మన ఊళ్ళను గూర్చి కొంత దొరకుచున్నది. కాని మన తాతల నాటి సంగతి, మన తండ్రుల నాటి సంగతి దొరకుట లేదు. కవిలె వ్రాయు కరణపు ఉద్యోగమును 1984లో ప్రభుత్వమువారు ఎత్తివేసిరి. ఊరి తరఫున వ్రాయువాడు పోయెను గావున ఎవరి యింటి తరఫున వారే వ్రాసికొనవలసిన కాలము వచ్చినది.

ఇంకొక మాట. ఏ క్రొత్త వింతను చూచినను మనవారు "ఇది బ్రహ్మంగారు ఆనాడే చెప్పినారు" అని చేతులు జోడింతురు. బ్రహ్మంగారి మఠము మనకు కూతవేటు దూరమున నున్నది. ఆ మహానుభావునియందు నాకును భక్తి కలదు. కాని రాబోవుదానిని చెప్పుట కాలజ్ఞానుల పని. వచ్చినదానిని వ్రాసిపెట్టుట మనబోటి సామాన్యుల పని. ఆయన పని ఆయన చేసి పోయెను. మన పని మనము చేయుచున్నామా?

కపిలను తీసికొందము. ఈ ప్రసంగమును వినుచున్న పెద్దలలో కపిల తోలినవారు ఇంకను కొందరుందురు. బాన యెంత నీరు పట్టెడిది? తొండము తోలు ఎన్నాళ్ళు మన్నెడిది? మోకు ఎవరు పేనెడివారు? ఒక జత యెద్దులు ప్రొద్దుననుండి ఎండ ముదురువరకు తోలిన ఎన్ని మళ్ళు తడిసెడివి? ఎద్దులు దిగుడుబాటను దిగునప్పుడు మోకుమీద కూర్చుండి పాడిన పాట యేది? ఇవి మీకు కంఠస్థము. మీ మనుమలకు కపిల యను మాటయే తెలియదు. కపిల పోయి ఆయిలు ఇంజను వచ్చెను. అది పోయి కరెంటు మోటారు వచ్చెను. బావి యెండి బోరు వచ్చెను. ఒక్క మనుష్యుని జీవితకాలములో ఇన్ని మార్పులు వచ్చినవి. ఒక్కొక్క మార్పునకు మన యింట ఎంత ఖర్చయినదో, ఏమి లాభించినదో, ఏమి చెడినదో చెప్పు కాగితము మన యిండ్లలో నున్నదా?

కర్నూలు కడప కాలువ సంగతియు నంతే. 1863లో పని మొదలుపెట్టి, నీటిపారుదలకును పడవల రాకపోకలకును పనికివచ్చునట్లు ఒక ఇంగ్లీషు కంపెనీవారు దానిని త్రవ్వించిరి. 1882లో సర్కారువారు కొనిరి. ఈ తేదీలు సర్కారు పుస్తకములలో నున్నవి. కాని మొదటి నీరు మన పొలిమేరకు వచ్చిననాడు గట్టుమీద నిలుచుండి చూచిన రైతు ఏమనుకొనెను? మొదటి యేడు ఏ పైరు పెట్టెను? ఆ మాట వ్రాయవలసినవాడు సర్కారు గుమాస్తా కాదు, ఆ రైతే.

ఇప్పుడు మా యింటి సంగతి విన్నవించెదను.

మా నాయనగారు పెద్ద చదువరి కారు. వీధిబడిలో నేర్చిన చదువే. అయినను ఆయనకు ఎఱ్ఱ అట్టగల యొక లెక్కల పుస్తకముండెడిది. ఏ ఊరు పోయినను, ఏ యంత్రము చూచినను, దీపము ముందు కూర్చుండి అందులో వ్రాసెడివారు. మొదటి పుటలలో వెలలన్నియు అణాలలో నుండును. 1957లో నయాపైసలు వచ్చిన తరువాత పుటలలో లెక్క మారును. బావికి ఇంజను కొనదలచి ఆయన కడపలో రైలెక్కి మద్రాసు పోయిరి. ఆ పుటను రెండుగా గీత గీసి, ఒక ప్రక్క "అంగడివాడు చెప్పినది" అనియు, రెండవ ప్రక్క "వాడినవాడు చెప్పినది" అనియు వ్రాసియున్నారు. గంటకు ఎంత నూనె త్రాగును అను ప్రశ్నకు రెండు ప్రక్కల లెక్క వేరు. ఏ భాగము ముందు చెడును అను ప్రశ్నకు అంగడివాని ప్రక్క ఖాళీ. వాడినవాని ప్రక్క ఆరు పంక్తులు.

తరువాత మా అమ్మను వెంటబెట్టుకొని కాశికిని పోయి వచ్చిరి. గంగాస్నానమును గూర్చి రెండు పంక్తులు వ్రాసి, దారిలో ఒక పల్లెలో చూచిన నీటిరాటమును గూర్చి రెండు పుటలు వ్రాసిరి. గొలుసునకు వరుసగా కట్టిన ఇనుప డబ్బాలు ఒకదాని వెనుక నొకటి బావిలో మునిగి నీరు తెచ్చుటయు, ఎద్దు వెనుకకు నడువక గుండ్రముగా తిరుగుటయు చూచి, డబ్బాలు లెక్కపెట్టి, బొమ్మ గీసి, "మన బావులు లోతు, గొలుసు బరువు ఎద్దు లాగునా?" అని క్రింద ప్రశ్న వేసికొనిరి. అప్పుడు నేను పడుచువాడను. "నాయనా, కాశికి పోయినది పుణ్యమునకా, డబ్బాలు లెక్కపెట్టుటకా?" అని నవ్వితిని. ఆయన కోపగింపలేదు. "పుణ్యము దేవుడు వ్రాసికొనును, ఇది నేను వ్రాసికొనవలెను" అనిరి.

1991లో ఆయన కాలము చేసిరి. పుస్తకము అమ్మ ఇనుపపెట్టెలో పట్టుచీర క్రిందకు పోయినది. నేను దానిని విప్పలేదు.

2002వ సంవత్సరమున దేశమంతట వానలు తప్పినవి. మా బావి అడుగు కనబడెను. పసుపు చేను కన్నులయెదుట మాడిపోవుచుండగా ఊరకుండలేక బోరు వేయింప నిశ్చయించితిని. అరచేత కొబ్బరికాయ నిలిపి నీరు చూచువానిని పిలిపించితిని. అతడు చేనంతయు తిరిగి తూర్పు మూలను చూపెను. రెండువందల ఎనుబది అడుగులు పోయిన తరువాత దుమ్ము తప్ప తేమ రాలేదు. దానికి ఇరువది గజముల దూరమున మరియొకటి వేయించితిని. అదియు నంతే. ముప్పదివేల పైచిలుకు అప్పయినది. ఎద్దుల జత నమ్మితిని. అవి సంతకు పోవునాడు మా యింట ఎవరును అన్నము తినలేదు. అమ్మాయి పెండ్లి ఒక యేడు వెనుకబడినది.

రెండు సంవత్సరముల తరువాత ఆ పెండ్లికే పట్టుచీర తీయుటకు అమ్మ పెట్టె తెరచెను. పుస్తకము బయటపడినది. పొద్దుపోక పుటలు త్రిప్పుచుండగా 1961వ సంవత్సరపు పుట యొకటి కనబడెను. అందులో నున్న సారాంశమిది: తూర్పు మూలను తొమ్మిది గజముల లోతు బావి త్రవ్వించితిమి. నల్లబండ తగిలినది. మందు పెట్టి పేల్చితిమి. అడుగున బెజ్జము వేయించితిమి. చుక్క రాలేదు. పశువులు పడునని పూడ్చివేసితిమి. వంక ప్రక్కన, తుమ్మచెట్టు దగ్గర, మట్టికై తీసిన గుంటలో మాత్రము ఎండకాలమునను చెమ్మ యున్నది, అక్కడ చూడవలెను.

నేను ఆ పుటను ఎంతసేపు చూచుచు కూర్చుంటినో చెప్పలేను. నాయన నాకు సమాధానము వ్రాసిపెట్టి నలుబది యేండ్లు దాటినది. అది నా నెత్తిమీద గదిలోనే యుండెను. నేను కొబ్బరికాయ నడిగితిని గాని పుస్తకము నడుగలేదు.

న్యాయముగా ఒక మాట చెప్పవలెను. పై బావి యెండినచోట లోతైన బోరు తప్పక ఎండుననుట నిశ్చయము కాదు. భూమి లోపలి బండల పగుళ్ళు ఎవని కంటికిని కనబడవు. అయినను ఆ పుట చదివియుంటినేని మొదటి రూపాయి తూర్పు మూలను పెట్టియుండను. తరువాత ధైర్యము చేసి, తుమ్మచెట్టు దగ్గర వేయించితిని. రెండంగుళముల నీరు పడినది. చెరువు నిండిన యేడు అది నేటికిని పారుచున్నది. వాన తప్పిన యేడు సన్నగిల్లును. ఈ సంగతియు, లోతుతోను ఖర్చుతోను, ఆ యెఱ్ఱ పుస్తకములోనే మిగిలిన పుటలలో నేను వ్రాసియుంచితిని.

ఎట్లు వ్రాయవలెనని మీరడుగవచ్చును. నాయన పుస్తకమునుండి నేను నేర్చుకొన్న నాలుగు మాటలు చెప్పెదను.

మొదటిది, తేదీయు చోటును తప్పక వ్రాయవలెను. "మొన్న" అని వ్రాసిన కాగితము నెలలోనే మూగబోవును. సంవత్సరము, నెల, ఊరు, పొలము పేరు, ఏ దిక్కు, ఏ చెట్టు దగ్గర, ఇవి యుండవలెను. చెట్టు పడిపోవచ్చును గావున గట్టునుండి ఎన్ని గజములో కూడ వ్రాయుడు.

రెండవది, చూచినది వేరుగను విన్నది వేరుగను వ్రాయవలెను. యంత్రము అమ్మువాని మాట తప్పని నేననను. కాని అది సగము మాట. వాడినవాని నడిగి రెండవ సగమును ప్రక్కన వ్రాయుడు.

మూడవది, చెడినదానిని దాచవలదు. లాభము వచ్చిన సంగతిని ఊరంతయు చెప్పుకొనును; దానికి పుస్తకమక్కరలేదు. నష్టమును ఎవరును చెప్పుకొనరు. అందుచేతనే తండ్రి పడిన గోతిలో కొడుకును పడుచున్నాడు. మా నాయన సిగ్గుపడి ఆ యెండిన బావిని వ్రాయక పోయినచో ఆ పుస్తకము నాకు వినోదమే గాని వివేకము కాకపోవును.

నాలుగవది, వ్రాసినదానిని ఇంటిలో నొకరికి చదివి వినిపింపవలెను. పెట్టెలోని పుస్తకము పూడ్చిన బావివంటిది. ఏడాదికి ఒకనాడు, ఏ ఉగాదినాడో, పంచాంగశ్రవణము ముగిసిన పిమ్మట, ఈ పుస్తకమును తీసి పిల్లలచేత నాలుగు పుటలు చదివింపుడు. పంచాంగము రాబోవు యేటి సంగతి చెప్పును. ఇది పోయిన యేండ్ల సంగతి చెప్పును. రెండును వినుటే మంచిది.

నేటి పిల్లలు ఎక్కడికి పోయినను చేతిఫోనుతో బొమ్మలు తీయుచున్నారు. అది తప్పు కాదు. వీరాస్వామయ్యగారి చేతిలో నట్టి సాధనముండినచో ఆయనయు తీసియుందురు. కాని బొమ్మ వెల చెప్పదు, దూరము చెప్పదు, యంత్రము ఎందుకు ఆగినదో చెప్పదు. వేయి బొమ్మలలో ఏది ఏ ఊరిదో తీసినవానికే ఏడాదికి తెలియదు. ఫోను పాడైన నాడు అన్నియు పోవచ్చును. కావున బొమ్మ తీసినవాడు దాని క్రింద రెండు మాటలు వ్రాయవలెను. ఆ మాటలను కాగితముమీదికి కూడ ఎక్కింపవలెను. వ్రాయలేని పెద్దలు చింతింపవలదు. మీరు చెప్పుచుండగా మీ మనుమరాలు వ్రాసికొనగలదు. ఇప్పుడు తెలుగున పలికిన మాటను అక్షరములుగా మార్చు ఫోనులును వచ్చినవి. అందులో తప్పులు పడును. కావున మనుమరాలు ప్రక్కన నుండుటే మేలు.

మా యింట ఆ యెఱ్ఱ పుస్తకము నిండిపోయినది. రెండవ పుస్తకమును నా మనుమరాలు మొదలుపెట్టినది. మొన్న సెలవులకు వచ్చి, మా చేనిలో బిందుసేద్యపు గొట్టములు చూచి, ఎన్ని రంధ్రములు పూడినవో లెక్కపెట్టి వ్రాసికొనుచుండెను. నాకు నవ్వు వచ్చినది గాని, ఈమారు నవ్వలేదు.

పెద్దలారా! మీలో కపిల తోలినవారు, కాలినడకన అహోబిలము పోయినవారు, ఊరికి మొదటి కరెంటు దీపము వెలిగిన రాత్రి మేలుకొని చూచినవారు ఉన్నారు. మీతోబాటు ఆ సంగతులును పోనీయవలదు. రేపు అంగడికి పోయినప్పుడు ఉప్పు, చింతపండుతోబాటు ఒక పుస్తకము కొని తెచ్చుకొనుడు. మొదటి పుటలో మీ పొలమున నీరు పడని చోటును వ్రాయుడు.